అంబాసిడర్ ముందు సీటు

బుధవారం పొద్దున్న పెయింటింగ్ షెడ్డు నుంచి పాత అంబాసిడర్‌ను నలుగురు నెట్టుకొచ్చి పలాస కాశీబుగ్గలో తారకేశ్వరరావు సీట్ల షాపు ముందు నిలబెట్టారు. బయట మీగడ రంగు మెరిసిపోతోంది. లోపల మాత్రం కొబ్బరి గీరేసిన చిప్పలా ఉత్త రేకు. సీట్లు లేవు, తలుపులకు అట్టలు లేవు, కప్పుకు గుడ్డ లేదు, అద్దాలు లేవు. రెండు నెలల కిందట విప్పిన ఆ సామానంతా గోనెసంచుల్లో కట్టి షాపు వెనక గోడకు చేరవేసి ఉంది. ప్రతి సంచికీ ఒక నంబరు చీటీ. ఆ చీటీల మీద రాత బిందుది.

మంగ మిషను ముందు కూర్చుని ఆటో సీటు కవరుకు అంచు కుడుతోంది. తల ఎత్తలేదు గానీ ఆమెకు అన్నీ కనిపిస్తున్నాయి. బిందు కారు చుట్టూ తిరగడం, ఫోనులో పాత ఫొటోలు తీసి చూడడం, తారకేశ్వరరావు ఆ పిల్ల వెనకాలే చేతులు కట్టుకుని నడవడం. షాపులో చేరిన పద్దెనిమిదేళ్ళలో తన వెనక ఆయన అలా నడిచిన రోజు ఒక్కటీ లేదు.

"ఈ బండి లోపల పనంతా బిందు సెప్పిన వరసలో జరగాల" అన్నాడు తారకేశ్వరరావు అందరికీ వినపడేలా. "ఏది ముందు ఎక్కాల, ఏది ఎనక ఎక్కాల దానికి తెలుసు. సోమవారం పొద్దున్నకి బండి ఎల్లిపోవాల. ఆ పని సూసి టెక్కలి షాపు ఎవరి సేతిలో ఎట్టాలో సోమవారమే సెప్పీస్తాను."

తొక్కుడుపలక మీద మంగ కాలు ఆగిపోయింది.

టెక్కలి బస్టాండు దగ్గర వచ్చే నెల రెండో షాపు తెరుస్తారు. మంగ ఉండేది టెక్కలిలోనే. ఏడింటి బస్సు పట్టుకుని పలాస రావడం, చీకటి పడ్డాక నిలబడి తిరిగి వెళ్ళడం. టెక్కలి షాపు మాట పుట్టిన నాటినుంచి అది తనదే అనుకుంది. ఎవరూ ఇస్తామని అనలేదు. ఇవ్వకపోవచ్చని ఆమెకూ తోచలేదు. ఈ వేసవిలో బిందు వచ్చేదాకా.

బిందుకు ఇరవై మూడేళ్ళు. నౌపడ ఉప్పుమళ్ళలో పని చేసేవాళ్ళ పిల్ల. విశాఖపట్నంలో ఏడాది పాటు కార్ల సీట్ల పని నేర్చుకుని వచ్చింది. తన కత్తెర తనే తెచ్చుకుంటుంది, సాయంత్రం దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి పట్టుకుపోతుంది. ఆ చుట్టే తీరు చూస్తేనే మంగకు ఒళ్ళు మండేది. కత్తెరకి కూడా పక్కబట్టలా?

మధ్యాహ్నం కారు యజమాని సూర్యప్రకాష్ వచ్చాడు. ఊళ్ళో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న మనిషి. కారు వాళ్ళ తాతగారిది. తాతగారున్నన్నాళ్ళూ కార్తీక సోమవారాల్లో రావివలస ఎండల మల్లికార్జునుడి దగ్గరికి వాళ్ళ మామ్మ లక్ష్మమ్మ ఈ కారు ముందు సీట్లో కూర్చుని వెళ్ళేదట. ఎనభై దాటిన ఆవిడకి వచ్చే సోమవారం మళ్ళీ అలాగే వెళ్ళాలని కోరిక.

"పాత సీట్లో కొబ్బరిపీచు పుచ్చిపోయింది సార్" అంది బిందు. "ఫోం ఏసీస్తే ఒక్క పూట పని. నీటుగా ఉంటాది."

మంగ మిషను మీంచి లేచింది. "ఫోం రెండెండలకి అణిగిపోతాది బాబూ. మామ్మగారు కూకుంటే దిగిపోతారు, మరి లెగలేరు. పీచే ఎయ్యాల. ఆ గుడ్డా నూలుదే ఎయ్యాల, రెక్సిన్ అయితే ఎండకి కాలిపోద్ది."

"మా మామ్మా అదే గోల" అన్నాడు సూర్యప్రకాష్. "మెత్తటి సీటు నాకొద్దురా, నడుం ఇరిగిపోద్ది అని."

"అయితే ముందు సీటు మంగ సేత్తాది" అన్నాడు తారకేశ్వరరావు. "మిగతాదంతా బిందు."

మిగతాదంతా. మంగకు ఆ మాటే చెవిలో ఉండిపోయింది. అయినా ముసలావిడ కూర్చునేది ముందు సీట్లో. తలుపు తీయగానే ఎవరికైనా కనపడేది అదే. మంగ మళ్ళీ మిషను తొక్కింది.

గురువారమంతా బిందు కప్పు పని చేసింది. కప్పు గుడ్డకి వెనకవైపు అడ్డంగా గొట్టాల్లా కుట్టి ఉంటుంది. ఆ గొట్టాల్లోంచి వంపు తిరిగిన ఇనప కమ్ములు దూర్చి, ఒక్కొక్క కమ్మినీ కారు పక్కల రంధ్రాల్లో బిగించాలి. అయిదు కమ్ములు, అయిదింటి వంపూ వేరు. ఒకటి తారుమారైతే గుడ్డ గుడారంలా వేలాడుతుంది. బిందు చెప్పులు విడిచి, కారులో వెల్లకిలా పడుకుని, పళ్ళ మధ్య క్లిప్పులు పట్టుకుని మధ్యనుంచి ముందుకీ వెనక్కీ లాగుతూ బిగించుకుంటూ పోయింది. మంగ మాటిమాటికీ నీళ్ళకని లేచింది. ఆ రోజు ఆమె తాగినన్ని నీళ్ళు ఎండాకాలంలో కూడా తాగలేదు.

సాయంత్రానికి వెనక అద్దం వచ్చే చోట పైన గుడ్డలో జానెడు ముడత మిగిలింది. బిందు లాగింది, విప్పింది, మళ్ళీ లాగింది. ముడత పోలేదు.

"ఓలమ్మ, అంత సదువు సదివినా ముడత పోలేదేటే బిందూ?" అంది మంగ, బస్సుకి సంచి భుజాన వేసుకుంటూ.

"రేపు బండిని ఎండలో ఎడతాను మంగప్పా. అదే సరిపోద్ది" అంది బిందు. కోపం లేదు, నవ్వూ లేదు. అదీ మంగకు నచ్చలేదు. కోప్పడితే బాగుండేది.

బస్సులో కిటికీ పక్కన నిలబడి టెక్కలి వచ్చేదాకా ఆ ముడతనే తలుచుకుంది. ఆ ముడత అక్కడే ఉండాలి. సోమవారం దాకా ఉండాలి. తారకేశ్వరరావు తలెత్తి చూడాలి.

శుక్రవారం మంగ పీచు కోసం ఉద్దానం వెళ్ళింది. కవిటి దగ్గర ఆమె కన్నవారి ఊళ్ళో అన్న భార్య దాలమ్మ పీచు పని చేస్తుంది. సోంపేటలో బస్సు దిగి ఆటో ఎక్కి వెళ్ళేసరికి పదకొండు. కొబ్బరితోటల నీడలో దాలమ్మ కాళ్ళు బారజాపుకుని కూర్చుని, నానిన కొబ్బరి డొక్కల్ని కర్రతో బాదుతోంది. ఒళ్ళంతా పొట్టు.

"ఏటొదినా, ఇలగొచ్చినావు? బంగారం మోసుకొచ్చినావనుకున్నాను, కాళీ సంచి మోసుకొచ్చినావు" అంది దాలమ్మ.

"సంచి నింపి పంపు వొదినా. సీటుకి. మంచి పొడుగు పీచు గావాల."

"పరుపుల పీచు నిన్ననే లారీకెత్తీసినారు. ఇది తాళ్ళకి తీసినది. ఉప్పుటేట్లో నానినది. మంచినీళ్ళల్లో రెండుసార్లు ఉతికి ఆరబెట్టుకో, సాలు. కూకో, అంబలి తాగి ఎల్దువు."

మంగకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. పుట్టి పెరిగింది ఆ పీచులోనే. ఉప్పునీట్లో నానిన పీచు తాడుకి మంచిదే, పరుపుకి పనికిరాదు. చెమ్మ పీలుస్తుంది. బోరింగు దగ్గర తొట్టిలో పీచు వేసి నీళ్ళు కొట్టబోతుంటే ఫోను మోగింది. తారకేశ్వరరావు.

"మంగా, ఎక్కడున్నావు? బిందు కప్పు సేసీసినాది సూడు, అద్దంలాగుంది. అద్దాలు ఎక్కించి, ఎండలో తలుపులు మూసి ఎట్టిందట, ముడత దానంతటదే బిగుసుకుపోయింది. తలుపుల అట్టలు కొడతన్నాది. నీదే మిగిలింది. బేగి రా."

ఫోను పెట్టేసి మంగ బోరింగు పిడి పట్టుకుని నిలబడింది. ముడత పోయింది. ఇప్పుడు ఉతికితే సాయంత్రం అవుతుంది. రేపు ఎండాలి. ఎల్లుండి ఆదివారం, షాపు సెలవు. ఈ లోపల ఆ పిల్ల కారంతా బిగించేసి, నీ సీటు ఏదప్పా అని చేతులు దులుపుకుంటుంది. ఆ చేతులు దులుపుకోవడం మంగకు కళ్ళకు కట్టింది.

తొట్టిలోంచి పీచు తీసి దులిపింది. చేతికి పొడిగానే తగిలింది. ఎండ కూడా బాగానే ఉంది. సంచిలో కుక్కి, పైన కాలు వేసి తొక్కి, మూతి బిగించింది.

"ఉతకవేటి?" అంది దాలమ్మ.

"అక్కడ ఉతుకుతాను."

"అంబలో?"

"బస్సెల్లిపోద్ది వొదినా" అని మంగ ఆటో వైపు నడిచింది. పలాసలో దిగాక కూడా ఉతకలేదు.

శనివారం తెల్లారి మొదటి బస్సుకే వచ్చి పనిలో దిగింది. ముందు సీటు ఒకటే పొడుగు బల్ల లాంటిది. తుప్పు గీకి నల్లరంగు వేసిన స్ప్రింగుల్ని పురికొసతో ఒకదానికొకటి కట్టింది. కూర్చుంటే అన్నీ కలిసి దిగాలి, ఒక్కటే గుచ్చుకోకూడదు. వాటి మీద గోనె పరిచి అంచులకు కుట్టింది. గోనె మీద పీచు. పిడికెడు పిడికెడు తీసి, వేళ్ళతో విడదీసి, నడుము ఆనే చోట మందంగా, తొడల కింద పలచగా. పీచు మీద దూది పొర. దాని మీద గోధుమరంగు నూలుగుడ్డ. అన్నం కూడా నిలబడే తింది. మెడ పట్టేసినా ఆపలేదు.

పక్కన బిందు తలుపుల అట్టలకు గుడ్డ అంటిస్తూ మధ్యమధ్య ఇటు చూస్తోంది. రెండుసార్లు దగ్గరికి వచ్చింది.

"పీచు నాను కూడా సర్దనా మంగప్పా? సెయ్యి వొంపు తెలుస్తాది."

"నీ తలుపులు నువ్వు సూసుకో అమ్మీ. మిగతాదంతా నీదే గదా."

బిందు మొహం చిన్నబోయింది. మంగకు కడుపు నిండినట్టయింది. సాయంత్రం ఆరింటికి సీటు కారులో ఎక్కించి బోల్టులు బిగించారు. తారకేశ్వరరావు అరచేత్తో సీటును చరిచి, "ఇదీ పనంటే" అన్నాడు. ఆ మాట పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఆయన మంగ మొహం చూసి అన్నాడు. బిందు గుడ్డలో కత్తెర చుట్టుకుంటూ నేల చూపులు చూస్తోంది. "రేపు నాను ఒచ్చి కింద తివాసీ పరిచీస్తాను సార్, తాళం ఇయ్యండి" అని మాత్రం అంది.

ఆదివారం మంగ తలంటుకుని, ఇంట్లో పనంతా చేసుకుని, మధ్యాహ్నం కూరలకని బయల్దేరి టెక్కలి బస్టాండు దాకా వెళ్ళింది. వచ్చే నెల తెరిచే షాపు షట్టరు దింపే ఉంది. దాని ముందు కాసేపు నిలబడింది. మిషను ఎటు పెడితే వెలుతురు పడుతుందో చూసుకుంది.

సోమవారం బస్సులన్నీ రావివలస వెళ్ళే జనంతో ఎదురొస్తున్నాయి. మంగ ఎక్కిన పలాస బస్సు ఖాళీగా ఉంది. ఎనిమిదింటికి ఆమె వచ్చేసరికి కారు షాపు ముందు రోడ్డు మీద ఉంది. బానెట్ మీద బంతిపూల దండ. ముందు సీట్లో లక్ష్మమ్మగారు అప్పుడే కూర్చుని ఉంది. కొబ్బరికాయల బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని, సీటు మీద రెండు చేతులూ ఆనించి నొక్కి నొక్కి చూస్తోంది.

"రా మంగా, రా" అని పిలిచాడు తారకేశ్వరరావు. "మామ్మగారు సీటు దిగనంటన్నారు. ఇదిగో అమ్మా, మీ సీటు కుట్టినది ఈమే."

"సల్లగుండు తల్లీ" అంది ముసలావిడ. "మా ఆయనున్నప్పుడు ఇలగే ఉండీది. కూకుంటే ఎత్తి పట్టుకున్నట్టుండీది."

మంగ నవ్వుతూ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ చీర కుచ్చెళ్ళు తలుపులో పడేలా ఉంటే లోపలికి సర్దబోయింది. సర్దుతూంటే చెయ్యి సీటు మూలకు తగిలింది.

వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

సీటు మూల తిరిగే చోట గుడ్డ ఎక్కువై పోగవుతుంది. అందరూ దాన్ని మడత పెట్టి కుడతారు. మంగ మడత పెట్టదు. గుడ్డను తడి చేసి, బొటనవేలితో కొంచెం కొంచెంగా తోసుకుంటూ కుడుతుంది. ఆమె కుట్టిన మూల గుడ్డులా నున్నగా ఉంటుంది. ఈ మూలలో వేలికి ఒక సన్నటి మడత తగిలింది. కంటికి కనపడదు. కుట్టిన చేతికి తప్ప ఎవరికీ తెలియదు. గుడ్డ అదే, అంచు అదే. కుట్టు తనది కాదు.

మంగ చీర వదిలి షాపు వెనక్కి నడిచింది. పెరట్లో కుళాయి దగ్గర బిందు చేతులు కడుక్కుంటోంది. వేళ్ళు ఉబ్బి, కొసలు ఎర్రగా ఉన్నాయి. పక్కన రేకు మీద మిగిలిన పీచు ఆరబోసి ఉంది.

"సీటు ఇప్పినావేటి?" అంది మంగ.

"ఇప్పినాను."

"ఎందుకూ?"

బిందు కుళాయి కట్టేసింది. "నిన్న పొద్దున్న తివాసీకని తలుపు తీసేసరికి సీటు మీద నల్లగా అయిదు మచ్చలు మంగప్పా. మంచుకి గుడ్డంతా సెమ్మగిల్లిపోనాది. కింద కుట్టిప్పి పీచు పోగు నోట్లో ఎట్టుకుని సూసినాను. ఉప్పు. ఉప్పుమడిలో పుట్టినదాన్ని, నాకు ఒకరు సెప్పాలేటి? అంతా లాగి, మూడు నీళ్ళల్లో ఉతికి, ఈ రేకు మీద ఆరబోసినాను. ఎండ బాగా కాసినాది గాబట్టి సరిపోనాది. గుడ్డ కూడా ఉతికీసినాను."

"సారుకి ఫోను సెయ్యకపోయావా? నా మొహాన ఉమ్ముదురు. టెక్కలి నీకొచ్చును."

"ఆ బండిలో కప్పు నాది" అంది బిందు. గొంతు పెరిగింది. "తలుపులు నావి. సీటు మీద మచ్చలుంటే నా కప్పు ఎవులు తలెత్తి సూత్తారు? నీ కోసం సేసినాననుకోకు."

ముందు నుంచి తారకేశ్వరరావు కేక వినిపించింది. "మంగా! ఇలా రా ఓపాలి!"

వెళ్ళింది. సూర్యప్రకాష్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్క షాపుల వాళ్ళు నలుగురైదుగురు చేరారు. "పెద్దామె ఎదట సెప్పీస్తన్నాను" అన్నాడు తారకేశ్వరరావు. "టెక్కలి షాపు మంగదే. అనుభవం అనుభవమే."

నోరు మూసుకుంటే చాలు. మంగకు ఆ సంగతి స్పష్టంగా తెలుసు. బిందు ఏదైనా అన్నా ఎవరూ నమ్మరు. టెక్కలిలో మిషను ఎటు పెట్టాలో కూడా చూసుకుని వచ్చింది. కానీ అక్కడ కూర్చున్నప్పుడల్లా తన చేతికి ఆ మడత తగులుతుంది. ఆ పిల్ల చేత్తో పెట్టిన కూడు తిన్నట్టే. అది మంచితనం కాదు. అంత మంచితనం ఆ క్షణంలో మంగలో లేదు. ఆ పిల్లకి ఋణపడి బతకడం ఆమె వల్ల కాదు, అంతే.

"ఆ సీటు నాది కాదు బాబూ" అంది.

"ఏటీ?"

"నాను పీచు ఉతక్కుండా ఎట్టీసినాను. ఉప్పు పీచు. సెమ్మొచ్చి గుడ్డ పాడైపోనాది. నిన్న బిందు అంతా ఇప్పి, ఉతికి, మళ్ళీ కుట్టినాది. మామ్మగారు కూకున్నది బిందు కుట్టిన సీటు మీద."

తారకేశ్వరరావు మంగను చూసి, గుమ్మంలో నిలబడిన బిందును చూసి, మళ్ళీ సీటును చూశాడు.

"ఎవులు కుట్టితే ఏటిరా" అంది లోపలినుంచి లక్ష్మమ్మ. "నడుం బాగున్నాది. అభిషేకం ఏళ దాటిపోతన్నాది, పోనీ బండి."

కారు కదిలింది. మలుపు దాకా అందరూ దాన్నే చూశారు. దుమ్ము అణిగాక తారకేశ్వరరావు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"పద్దెనిమిదేళ్ళ మనిషివి. పీచు ఉతకాలని తెలీదేటి నీకు?"

"తెలుసు బాబూ."

ఆయన ఎందుకని అడగలేదు. "అయితే టెక్కలి బిందు సూసుకుంటాది" అని లోపలికి వెళ్ళిపోయాడు. పక్క షాపుల వాళ్ళూ వెళ్ళిపోయారు.

మంగ తన మిషను ముందు కూర్చుంది. నిజం చెబితే మనసు తేలికవుతుందంటారు. ఏమీ తేలిక కాలేదు. పొద్దుటికంటే ఎక్కువ మండుతోంది. వచ్చే నెలనుంచి ఏడింటి బస్సు ఎక్కుతూ ఆ షాపు షట్టరు ఎత్తడం చూడాలి.

బిందు వచ్చి పక్కన నిలబడింది. "నువ్వు సెప్పకపోతే సాయంత్రం నానే సెప్పీద్దును" అంది. "టెక్కలి ఊరికే ఒగ్గీస్తాననుకున్నావేటి?"

మంగ తలెత్తి చూసింది. ఆ పిల్ల మొహంలో మొదటిసారి కోపం కనిపించింది. ఎందుకో ఆ కోపం చూశాక మంగకు ఊపిరి ఆడింది.

బిందు సంచిలోంచి గుడ్డముక్కలు తీసి మిషను మీద పడేసింది. గోధుమరంగు నూలుగుడ్డ మిగులు ముక్కలు. ప్రతి ముక్కా మూల తిప్పి కుట్టి ఉంది. ఏడు ముక్కలు. ఏడింటిలోనూ మడత.

"నిన్న మూల దగ్గరే మూడు గంటలు పోనాయి" అంది. "కుట్టడం, ఇప్పడం. నీ పాత సీట్లు రెండు ఇప్పి సూసినాను, అంతు పట్టలేదు. విశాఖపట్నంలో కూడా ఎవులూ ఇలగ కుట్టరు. ఈ షాపులో సేరిన కాడినుంచి నీ సెయ్యి సూసి సచ్చిపోతన్నాను మంగప్పా. అడిగితే నువ్వు సెప్పవు."

మంగ ముక్కల్ని ఒక్కొక్కటే తిప్పి చూసింది. మొదటి మూడూ వికారంగా ఉన్నాయి. నాలుగోది నయం. ఏడోదానిలో మడత గోరంత. తప్పు ఎక్కడుందో చూడగానే తెలిసింది. పొడి గుడ్డ కుట్టింది. బొటనవేలితో తోయకుండా చూపుడువేలితో లాగింది. రెండే రెండు మాటలు. చెబితే ఈ పిల్ల చేతిలో లేనిది ఇంక ఏమీ మిగలదు. చెప్పకపోతే టెక్కలిలో వెయ్యి సీట్లు కుట్టినా ప్రతి మూలలోనూ ఆ మడత ఉంటుంది.

నలుగురి ముందు నిజం చెప్పడానికి ఇంతసేపు పట్టలేదు.

"స్టూలు లాక్కుని కూకో" అంది చివరికి. గ్లాసులో నీళ్ళు ముంచి, కొత్త ముక్క తీసుకుని, మూల మీద చిలకరించింది. "గుడ్డ తడిసిందా? ఇప్పుడు లాగకు. తొయ్యి. బొటనేలు ఇక్కడ. ఇంతే కదలాల, బియ్యపుగింజంత."

బిందు కుట్టింది. మొదటిది చెడింది. రెండోది చెడింది. మూడో ముక్క తిప్పి చూస్తే మూల నున్నగా వచ్చింది. బిందు వేలితో రెండుసార్లు తడిమి, మంగ చేతిలో పెట్టింది. కళ్ళు మెరిసిపోతున్నాయి.

మంగ వేలు పెట్టి చూసింది. మడత లేదు. ముక్కను తిరిగి ఆ పిల్ల ముందు పెట్టి, ఇంకో గుడ్డ అందుకుంది.

"మళ్ళీ కుట్టు" అంది. "ఓపాలి కుదిరినంత మాత్రాన ఒచ్చీసినట్టు కాదు."